చివరి రీలులో వేరే గొంతు

జూన్ 4

మా ఆవిడ పోయాక స్టూడియోకి వెళ్ళడం ఇదే మొదలు. అందరూ గొంతు తగ్గించి మాట్లాడారు. మైకు ముందు తగ్గించమంటే ఏళ్ళ తరబడి ఎవడూ తగ్గించలేదు. ఇవాళ నన్ను చూసి తగ్గించారు. ఒళ్ళు మండింది.

బావమరిది నా గది బయట నిలబడి ఉన్నాడు. సినిమా వాడిదే, డైరెక్టరుగా మొదటిది. హీరోయిన్‌కి మన భాష రాదు. అక్క చెప్పకపోతే నా సినిమాకి మాటే లేదని పట్టుబట్టి తనతోనే డబ్బింగ్ చెప్పించాడు. పెదవులు ఆ అమ్మాయివి, మాటలు తనవి. అద్దానికి అవతల మైకు ముందు తను, ఇవతల రికార్డింగు మిషను ముందు నేను. చివరి రీలు ఒక్కటీ మిగిలింది. దాన్ని మర్నాడు చెబుతానంది.

"బావా, తిన్నావా?"

"తిన్నాను."

"అబద్ధం."

"తెలిసినప్పుడు అడగడం ఎందుకు?"

నాకు ఎవరి మీదా కోపం లేదు.

జూన్ 5

చివరి రీలు సంగతి ఎవరూ ఎత్తలేదు.

జూన్ 7

ఎత్తారు.

నిర్మాత వచ్చాడు. ఆయనకి చాలా బాధగా ఉందట. బాధ గురించి కాసేపు మాట్లాడి, అదే గొంతుతో పనిలోకి దిగాడు.

"మొత్తం కొత్తమ్మాయి చేత చెప్పించేద్దాం సార్. మొదటి రీలు నుంచీ. ఒకటే గొంతయితే ఏ తలనొప్పీ ఉండదు."

"ఆవిడ చెప్పినదంతా?"

"తీసేద్దాం. ఏం చేస్తాం మరి. చివర్లో గొంతు మారితే జనం ఊరుకుంటారా?"

పాత క్యాలెండరు గోడ మీద నుంచి తీసేద్దాం అన్నట్టు అన్నాడు.

బావమరిది నేలచూపులు చూస్తున్నాడు. ఏమైనా అంటాడేమోనని చూశాను. అనలేదు. సొంత తమ్ముడు. వాడికి నడక నేర్పింది తనేనని అత్తగారు ఇప్పటికీ చెబుతారు. మాట నేర్పడం మరిచిపోయినట్టుంది.

"నాకు కొంచెం టైమివ్వండి. ఏదో ఒకటి చేస్తాను," అన్నాను. ఏం చేస్తానో నాకే తెలియదు. తను చెప్పినదాంట్లోంచి ఒక్క ముక్క కూడా పోకూడదు. అంతవరకే తెలుసు.

జూన్ 8

ఇంతకీ దేని కోసం ఈ గోల? కథ రాసి చూద్దాం.

లిఫ్టులు బాగుచేసే అమ్మాయి పని మీద ఊరు కాని ఊరు వెళ్ళి ఒక హోటల్లో దిగుతుంది. ఆ హోటలు లాండ్రీలో కరెంటు స్తంభం లాంటి మనిషి ఒకడుంటాడు. రోజూ ఆమె బట్టలు పక్క గదికి, పక్క గది బట్టలు ఆమెకి పంపిస్తుంటాడు. తిట్టడానికి కిందికి దిగుతుంది. తిట్టడం అలవాటవుతుంది. తిట్టకపోతే తోచని స్థితి వస్తుంది. ఇంటికి తిరిగి బయల్దేరిన రోజు, తను బాగుచేసిన లిఫ్టులోనే వాడితో ఇరుక్కుంటుంది. ప్రేమ. శుభం.

ఇల్లు వదిలి పోతే గాని ప్రేమ దొరకదట. ఇంటిపట్టున ఉన్నవాళ్ళం ఏం పాపం చేశామో.

తను మాత్రం కథ విన్న రోజు పడీపడీ నవ్వింది. "మీకేం అర్థమవుతుందండీ? మీ చొక్కా ఎప్పుడైనా ఇంకొకరి గదికి పోయిందా?" అంది.

పోలేదు. పోనివ్వలేదు.

జూన్ 9

లాండ్రీ సీను ముందేసుకుని కూర్చున్నాను.

ఇందులో ఆ అమ్మాయి నవ్వుతుంది. రికార్డింగు రోజున తనకి ఆ నవ్వు రాలేదు. ఎన్నిసార్లు చెప్పినా పళ్ళ డాక్టరుకి నోరు తెరిచి చూపించినట్టుంది. చివరికి నేను నా హెడ్‌ఫోన్లు తీసి టేబుల్ లైటుకి తొడిగి, మైకులో, "ఈయన విన్నారట. ఇంకొంచెం నవ్వొచ్చేలా నవ్వమంటున్నారు," అన్నాను. అప్పుడు నవ్వింది. అద్దం అవతల మైకు స్టాండు పట్టుకుని వంగిపోయి నవ్వింది. ఆ ముక్కే సినిమాలో ఉంది.

తెర మీద కరెంటు స్తంభం, "మేడమ్, మీ సాక్సు రెండూ వేరేవేరే గదుల్లో సుఖంగా ఉన్నాయి," అంటాడు. ఆమె నవ్వుతుంది.

వాడి మాటకి నవ్వలేదు. ఆ నవ్వు నాది. వాడి మొహానికి అతికించాను. నేనే, ఈ చేతులతో.

జూన్ 10

అత్తగారు మాతోనే ఉంటారు. ఇంకా 'మాతో' అనే రాస్తున్నాను.

అన్నం పెడుతూ అడిగారు. "ఏమయ్యా, దాని గొంతు ఉంచుతున్నారా, పీకేస్తున్నారా?"

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? నా కొడుకు పొద్దున వచ్చి గుమ్మం దగ్గరే మాట్లాడి పోయాడు. చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టిన రోజున కూడా లోపలికి వచ్చేవాడు కాదు."

"ఉంచుతాం."

"ఉంచుతారా, ఉంచుదామనుకుంటున్నారా?"

నేను అన్నం మధ్యలో గుంట చేశాను. ఆవిడ మజ్జిగ పోసి, "నన్ను సినిమాకి తీసుకెళ్ళు. ఇల్లంతా ఫొటోలే. ఒక్కటీ నోరు విప్పదు," అన్నారు.

జూన్ 11

నిర్మాత దగ్గర కొత్త ఆలోచన. యంత్రంతో చేయించవచ్చట. తను చెప్పినవన్నీ దానికి వినిపిస్తే మిగతా రీలు అదే చెప్పేస్తుందట, అచ్చం తన లాగే.

"మీకేం పని ఉండదు సార్. ఆ ఫైళ్ళు ఇచ్చేస్తే చాలు."

"మీ నాన్నగారు పోయినేడే కదా పోయింది?" అన్నాను.

"అవునండీ."

"ఆయన గొంతుతో ముందు చేయించండి. పొద్దున లేచీ లేవగానే మిమ్మల్ని పేరు పెట్టి పిలిపించుకోండి. బాగుంటే నాకు చెప్పండి."

ఆయన లేచి వెళ్ళిపోయాడు. బావమరిది నవ్వు ఆపుకోవడం చూశాను. వాడి నవ్వూ నాకక్కర్లేదు.

జూన్ 12

సినిమా మొదట్లో 'మా అక్కకి అంకితం' అని వేస్తానన్నాడు. వద్దన్నాను. అది చదివాక తను ఏ జోకు చెప్పినా ఒక్కడూ నవ్వడు. చచ్చిపోయిన మనిషి అనుకుంటూ వింటారు. కామెడీ సినిమాకి పిలిచి అక్క పరువు తీస్తావా అని అడిగాను.

జూన్ 13

మధ్యాహ్నం బావమరిది ఇంటికి వచ్చాడు. ఈసారి లోపలికి వచ్చాడు. కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"దారి దొరికింది బావా. చివరి రీలు వానతో మొదలవుతుంది కదా? ఆ అమ్మాయి తడుస్తూ హోటల్లోకి వస్తుంది. మొహం అటు తిరిగి ఉంటుంది, పెదవులు కనపడవు. అక్కడ మనం ఏ మాటైనా పెట్టుకోవచ్చు."

అది నాకు వాడు చెప్పాలా? ఇరవై ఏళ్ళుగా వీపుల మీద మాటలు పెడుతున్నవాణ్ణి.

"పెట్టి?"

"అతను, 'గొంతేంటి అలా అయింది?' అంటాడు. ఈమె, 'జలుబు. మీ ఊరి నీళ్ళు పడలేదు,' అంటుంది. అంతే. అక్కడి నుంచి కొత్తమ్మాయి గొంతు. ఎవరికీ అనుమానం రాదు. నవ్వు కూడా వస్తుంది. అక్క చెప్పిందంతా అలాగే ఉంటుంది. నిర్మాత సరేనన్నాడు."

నేను లేచి కిటికీ తలుపు వేశాను.

"బావా, అక్క ఉంటే ఈ జోకుకి నవ్వేది."

"అక్క ఉంటే ఈ జోకు అక్కర్లేదురా."

వాడి మొహం పాలిపోయింది. పాలిపోనీ.

వంటింట్లోంచి అత్తగారు రాలేదు. గిన్నెల చప్పుడు మాత్రం ఆగిపోయింది.

సరేనన్నాను. ఉన్న దారి అదొక్కటే. గొంతు ఉంటుంది, అదే కదా కావలసింది.

జూన్ 14

జలుబు.

మెదడులో నరం చిట్లి, నీళ్ళగ్లాసు చేతిలో ఉండగానే పడిపోయిన మనిషికి జలుబు.

జూన్ 17

కొత్తమ్మాయి వచ్చింది. చిన్నపిల్ల. 'నమస్తే సార్' అని చేతిలో నీళ్ళ సీసా గట్టిగా పట్టుకుని నిలబడింది. మా ఆవిడ స్టాండు ఎత్తు తగ్గించి మైకు సరిచేశాను. తగ్గించాల్సి రావడం కూడా నచ్చలేదు.

"ఆవిడలా చెప్పు," అన్నాను.

చెప్పింది. మాట చివర కొంచెం లాగడం, 'అబ్బ' అనే ముందు చిన్న విరామం, అన్నీ పట్టేసింది. రెండో లైను దగ్గర ఆపేశాను. ఎవరో తన చీర కట్టుకుని మా ఇంట్లో తిరుగుతున్నట్టుంది.

"అలా కాదు. నీలా చెప్పు."

సొంత గొంతుతో చెప్పింది. సన్నగా, చురుగ్గా, వేరే మనిషి. మళ్ళీ ఆపేశాను.

పొద్దంతా ఇదే.

జూన్ 18

ఇవాళ కూడా ఇరవైసార్లు ఆపి ఉంటాను. చివరికి ఆ అమ్మాయి హెడ్‌ఫోన్లు తీసి మెడకి వేసుకుంది.

"సార్, ఒక మాట. మేడమ్‌లా చెప్తే మీరు వినలేకపోతున్నారు. నాలా చెప్తే మేడమ్ లేరని ఆపేస్తున్నారు. నేనేం చెయ్యాలో చెప్పండి, చేస్తాను. రెండూ నా తప్పే అంటే మాత్రం నేనొప్పుకోను."

"పని నేర్చుకోవడానికి వచ్చావా, వాదించడానికి వచ్చావా?"

"పనికే వచ్చాను. మీరు చెయ్యనివ్వడం లేదు."

వయసులో నా కూతురంత ఉంటుంది, నాకు కూతురుంటే. అద్దం ఇవతల నేను తప్ప ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

ఆవిడలాగే చెప్పమన్నాను. కళ్ళు మూసుకుని రికార్డు చేశాను. జలుబు లైనుతో సహా.

జూన్ 20

రెండు గొంతులూ కలిపాను. వాన చప్పుడు కింద కొత్తమ్మాయి గొంతు కొంచెం మందం చేశాను, పైన పదును తీసేశాను. తను చెప్పిన చివరి మాట తోక వానలోకి జారిపోతుంది, అందులోంచే ఇది లేస్తుంది. అతుకు ఎక్కడుందో వెతికితే నాకే దొరకలేదు.

ఇంత శుభ్రంగా ఎప్పుడూ చేయలేదు.

జూన్ 27

తెలిసినవాళ్ళకి సినిమా వేసి చూపించారు. చిన్న హాలు, నిండా మనుషులు. అత్తగారిని తీసుకెళ్ళలేదు. విడుదలయ్యాక చూద్దురుగాని అన్నాను. నేనే ఎలా కూర్చుంటానో తెలియక.

బాగా నవ్వారు. తన ప్రతి మాటకీ నవ్వారు. సాక్సు దగ్గర హాలు ఊగిపోయింది. నేను కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను. అంతవరకూ బాగానే ఉంది.

వాన వచ్చింది. 'గొంతేంటి అలా అయింది?' 'జలుబు. మీ ఊరి నీళ్ళు పడలేదు.'

పగలబడి నవ్వారు. సినిమా అంతటిలో పెద్ద నవ్వు అదే. ఆ నవ్వు తగ్గేసరికి తను లేదు. ఇంకొకామె మాట్లాడుతోంది. ఒక్క తల తిరగలేదు. ఒక్కరు పక్కవాళ్ళ వైపు చూడలేదు. కొంతమంది ఏదో నములుతున్నారు. నములుతూనే ఉన్నారు.

బయటికి రాగానే నిర్మాత నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఏం చెయ్యి సార్ మీది. ఎవ్వరికీ తెలియలేదు. నాకు తెలిసి కూడా తెలియలేదు."

ఆయన మెచ్చుకున్నాడు. నిజంగానే మెచ్చుకున్నాడు. అందుకే కొట్టలేకపోయాను.

జూన్ 28

ఎవ్వరికీ తెలియలేదు.

మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతే ఎవ్వరికీ తెలియలేదు. తెలియకుండా చేసింది నిర్మాత కాదు, బావమరిది కాదు. వాళ్ళకి చేతకాదు. చేతనైనవాణ్ణి నేనొక్కణ్ణే.

పూడ్చిన చోటు మీద పలకలు పరిచి, చీపురుతో ఊడ్చి, నీళ్ళు చల్లి, నడవండి అని పిలిచాను. నడిచారు.

నాకు కోపం లేదని ఇన్నాళ్ళూ రాసుకున్నాను. ఇంకెప్పుడూ రాయను.

జూన్ 29, సోమవారం

పొద్దున్నే వెళ్ళి బావమరిదిని గదిలో కూర్చోబెట్టి తలుపు వేశాను.

"ఆ జలుబు తీసేస్తున్నాను. ఆ రెండు మాటలూ ఉండవు. వాన ఒక్కటే ఉంటుంది. తర్వాత కొత్తమ్మాయి తన సొంత గొంతుతో చెబుతుంది. రీలు మళ్ళీ రికార్డు చేస్తాను."

"బావా, తెలిసిపోతుంది."

"తెలియాలి."

"నిర్మాత ఊరుకోడు. మొత్తం సినిమా కొత్తమ్మాయి చేతే చెప్పించేస్తాడు. అప్పుడు అక్క అసలుండదు."

"శుక్రవారం విడుదల. రేపు సాయంత్రం సినిమా ఇక్కడి నుంచి బయటికి పోవాలి. మొత్తం చెప్పించడానికి ఎన్నాళ్ళు పడుతుందో నీకూ తెలుసు, ఆయనకీ తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ ఆగి ఇవాళ వచ్చాను."

ఇన్నాళ్ళూ ఆగానన్నది అబద్ధం. నిన్ననే అనుకున్నాను. కానీ వాడు నమ్మాడు.

"ఇంత దొంగవని అక్క ఎప్పుడూ చెప్పలేదే."

"అక్కకి తెలుసు."

"పెద్ద నవ్వు పోతుంది బావా. హాలంతా నవ్వింది, చూశావుగా."

"సినిమా అంతా నవ్వించింది మీ అక్కే. ఆ ఒక్క నవ్వూ ఆమె తెచ్చింది కాదు. ఆమె లేకపోవడాన్ని వాడుకుని నువ్వు తెచ్చుకున్నావు."

వాడు మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. ఏడుస్తాడేమో, ఏడిస్తే ఏం చేయాలో నాకు రాదు. టేబుల్ మీద వైర్లు సర్దాను.

"నా మొదటి సినిమా," అన్నాడు చేతుల్లోంచి.

"నీ అక్క చివరిది."

"జనం తిడతారు బావా."

"నిన్నెందుకు తిడతారు? గొంతు సరిగ్గా లేకపోతే సౌండువాణ్ణి తిడతారు. తిట్టనీ. నా పేరు ఎక్కడో అడుగున పడుతుంది, అప్పటికి సగం మంది చెప్పుల కోసం వెతుక్కుంటుంటారు."

మొహం మీద నుంచి చేతులు తీశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేను ఆ జోకు నవ్వించడానికి రాయలేదు. అక్క లేదని అందరికీ చెప్పాలంటే నాకు భయం వేసింది. జలుబు అంటే రేపో మాపో తగ్గేదే కదా."

దీనికి నా దగ్గర తిట్టు లేదు. చాలా కోపంతో వచ్చాను, అది అక్కడ పనికిరాలేదు. భుజం మీద చెయ్యి వేద్దామనుకున్నాను. చెయ్యి సగం దాకా వెళ్ళి టేబుల్ లైటు ఆర్పి వచ్చింది.

"రేపు పొద్దున తొమ్మిదికి ఆ అమ్మాయిని పిలువు," అన్నాను.

"పిలుస్తాను. నిర్మాతతో నేను మాట్లాడతాను. నువ్వు మాట్లాడకు, మళ్ళీ వాళ్ళ నాన్నని లేపుతావు."

జూన్ 30

కొత్తమ్మాయి వచ్చి నీళ్ళ సీసా కింద పెట్టింది.

"ఎవరిలా చెప్పాలి సార్?"

"నీలా."

"రెండో లైను దగ్గర ఆపేస్తారా?"

"తప్పు చెబితే ఆపుతాను."

తప్పు చెప్పింది, ఆపాను. మళ్ళీ చెప్పింది. మధ్యాహ్నానికి అయిపోయింది. బాగా చెబుతుంది. ఆ మాట ఆమెతో అనాల్సింది. వేడినీళ్ళు తెప్పించి ఇచ్చాను. అదే మెచ్చుకోలు అనుకుంటుందని అనుకున్నాను.

ఈసారి ఏదీ మందం చేయలేదు, ఏ పదునూ తీయలేదు. తన మాట అయిపోయాక వాన పడుతుంది. కాసేపు వాన తప్ప ఏమీ ఉండదు. తర్వాత వేరే మనిషి మాట్లాడుతుంది.

జూలై 1

నిర్మాత ఫోనులో అరిచాడు. ఫోను బల్ల మీద పెట్టి టీ తాగాను. ఇంకా అరుస్తుంటే ఇంకో టీ పెట్టుకున్నాను.

జూలై 3

అత్తగారిని తీసుకుని మధ్యాహ్నం ఆటకి వెళ్ళాను. సగం హాలు నిండింది. మధ్య వరస. ఆవిడ కళ్ళజోడు తుడిచి తుడిచి పెట్టుకున్నారు.

మొదటి మాట వినపడగానే నా మోచెయ్యి పట్టుకున్నారు. తర్వాత వదిలేశారు. సినిమా చూడటం మొదలుపెట్టారు. జోకులకి నవ్వారు. కరెంటు స్తంభాన్ని, "వీడొకడు, చొక్కా మడతపెట్టడం కూడా రాదు," అన్నారు. కూతురు మాట్లాడుతుంటే వినే తల్లిలా విన్నారు, అంటే సగం విని, సగం అడ్డం వచ్చి. "అంత గట్టిగా అరవకే," అని ఒకచోట తెరతోనే అన్నారు.

సాక్సు దగ్గర హాలంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. ఆ నవ్వు విషయంలో కరెంటు స్తంభంతో నాకు ఇంకా లెక్క తేలలేదు.

వాన వచ్చింది. ఎవరూ ఏమీ మాట్లాడని వాన. హాల్లో దగ్గులు వినపడ్డాయి. ఆ అమ్మాయి తడుస్తూ లోపలికి నడిచి, లిఫ్టు దగ్గర ఆగి, ఇటు తిరిగి నోరు తెరిచింది.

అత్తగారు చేతిసంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేశారు.

వెనక వరసలో ఒకాయన, "అదేంటి, గొంతు మారిపోయింది?" అన్నాడు.

"ష్. ఊరుకోండి," ఆయన భార్య కాబోలు.

"ఊరుకోవడమేంటే? ఇప్పటిదాకా మాట్లాడినామె ఏమైపోయింది? ఎంత బాగా మాట్లాడుతోంది, హాయిగా. మధ్యలో ఈమెవరు?"

పక్కన ఇంకెవరో, "అవునండోయ్," అన్నారు. ముందు వరసలో రెండు తలలు తిరిగాయి.

"ఎవడు చేశాడో గాని," అన్నాడాయన హాలంతటికీ వినపడేలా, "పని చేతకాని వెధవ."

ఇరవై ఏళ్ళలో నా పనిని ఒకడు నలుగురి ముందు తిట్టడం ఇదే మొదలు. నేను తల వంచుకున్నాను. అత్తగారు మాత్రం కుర్చీలో పూర్తిగా వెనక్కి తిరిగి, కళ్ళజోడు సరిచేసుకుని ఆయన మొహం చూశారు.

"మా అల్లుడే బాబూ చేసింది," అన్నారు. పెళ్ళిలో పదిమందికి పరిచయం చేసినట్టు అన్నారు.